మా కొండ కాఫీ మల్కాజిగిరిలో అమ్మడం: నా అనుభవం

హైదరాబాద్‌లో మా తోట కాఫీ అమ్ముతున్నానని తెలిసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది కిలోకి ఎంత మిగులుతుందనే. ఆ లెక్క కూడా రాస్తాను, దాచేదేమీ లేదు. కానీ మా ఇంటిని నిలబెట్టింది ఆ మిగులు కాదు. డబ్బు ఎంత వస్తుందన్నది ఒక ఎత్తయితే, ఏ నెలలో వస్తుందన్నది ఇంకో ఎత్తు. ఆ రెండోదే మా ఇంటి అసలు కష్టమని ఈ పనిలోకి దిగాకే నాకు తెలిసింది. కొండ మీద తోటలున్న ఇళ్ల పిల్లలం ఈ ఊళ్లో చాలామందిమి ఉద్యోగాలు చేసుకుంటున్నాం. ఎవరికైనా పనికొస్తుందని మొదటి నుంచీ చెబుతున్నాను.

మాది అల్లూరి సీతారామరాజు జిల్లా, జీకే వీధి మండలం. అటవీ హక్కుల పట్టా కింద నాన్నకి వచ్చిన కొండవాలులో రెండెకరాల పైచిలుకు కాఫీ ఉంది. ఒకప్పుడు అక్కడ పోడు కొట్టి చోళ్లు, సామలు వేసేవారు. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ వాళ్లు ముందు నీడకి సిల్వర్ ఓక్ మొక్కలు, అవి కాస్త ఎదిగాక కాఫీ మొక్కలు ఇస్తే నాన్న నాటాడు. కాఫీ కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ నాలుగేళ్లూ అమ్మ అడ్డాకులు కుట్టి, కొండచీపుర్లు కట్టి సంతలో అమ్మితేనే పొయ్యి వెలిగింది. ఇప్పుడు ఆ సిల్వర్ ఓక్ మానులకే మిరియాల తీగలు పాకించారు. నాన్న, అమ్మ, అన్న, వదిన నలుగురూ ఆ తోట మీదే ఉంటారు. నేను పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చి, నాచారంలో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను.

మా దగ్గర కాఫీ పళ్లు నవంబరులో పండటం మొదలుపెడితే జనవరి, ఫిబ్రవరి దాకా కోత సాగుతుంది. ఆ వెనకే మిరియాలు. మార్చి వెళ్లేసరికి ఏడాది సంపాదన అంతా వచ్చేసినట్టే. ఖర్చులు మాత్రం పన్నెండు నెలలూ ఉంటాయి. జూన్‌లో పిల్లల స్కూలు, పసుపు, అల్లం విత్తనాలు. వానాకాలంలో జ్వరాలు. ఆగస్టు, సెప్టెంబరు వచ్చేసరికి ఇంట్లో రూపాయి ఉండదు. అప్పుడు సంతలో షావుకారు అడ్వాన్సు ఇస్తాడు, పంట చేతికి రాగానే అతనికే పోయాలి. అతను చెప్పిందే ధర. అతనికి తొందర, మనకీ తొందర. అందుకని పండినవీ పండనివీ కలిపి కొమ్మకి కొమ్మ దూసేసి, తొక్కతోనే ఎండబెట్టి, చెర్రీగా తూచి ఇచ్చేస్తారు. అదే పండు పండుగా ఏరి, తొక్క తీసి, కడిగి, ఎండబెడితే పార్చ్‌మెంట్ అవుతుంది. రెంటి ధరకీ చాలా తేడా. 2024-25 సీజన్‌లో గిరిజన సహకార సంస్థ, అదే మా జీసీసీ, మేము పండించే అరబికా రకం పార్చ్‌మెంట్ కిలో 400 రూపాయలకి, చెర్రీ 250కి కొన్నది. ఈ తేడా మా వాళ్లకి తెలియక కాదు. పార్చ్‌మెంట్ చెయ్యాలంటే ఓపిక పట్టాలి, చేతిలో డబ్బు లేనివాడికి ఓపిక ఎక్కడ నుంచి వస్తుంది?

నేను ఇందులోకి దిగింది కూడా ఒక బాకీ వల్లే. పళ్ల తొక్క తీసే పల్పర్‌ని మా ఊళ్లో నాలుగిళ్లవాళ్లు కలిసి కొనుక్కుంటున్నారు, మన వాటా డబ్బు సర్దమని 2022లో అన్న ఫోన్ చేశాడు. సర్దాను. సీజన్ అయ్యాక తిరిగివ్వడానికి డబ్బు లేదు, షావుకారు బాకీకే పోయింది. "డబ్బు లేదు గానీ ఒక బస్తా పార్చ్‌మెంట్ పంపుతాను, నువ్వేం చేసుకుంటావో చేసుకో" అన్నాడు. పంపెయ్యమన్నాను. మల్కాజిగిరిలో మా రెండు గదుల ఇంట్లో, మంచం పక్కన ఆ బస్తా చేరింది. మా ఆయన దాన్ని చూసి "బియ్యం బస్తా పెట్టడానికే చోటు లేదు" అన్నారు గానీ, ఆ మర్నాటి నుంచే ఎక్కడ వేయిస్తారో కనుక్కోవడం మొదలుపెట్టింది కూడా ఆయనే.

పార్చ్‌మెంట్‌ని అలాగే వేయించడానికి కుదరదు. గింజ మీద పల్చటి గట్టి పొర ఉంటుంది, హల్లర్ ఆడిస్తేనే అది పోయి లోపలి పచ్చగింజ బయటికొస్తుంది. ఆ మొదటి బస్తాని పొర తీయించడానికి ఈ ఊళ్లో ఎంత తిరిగానో! రైస్ మిల్లులో ఆడిస్తే గింజలు పగిలిపోతాయి. ఇప్పుడు మా పక్క ఊరి సంఘం దగ్గర చిన్న హల్లర్ ఉంది, అక్కడే ఆడించి పచ్చగింజనే పంపుతున్నారు. మీరు ఈ పని మొదలుపెడితే కొండ దిగకముందే హల్లింగ్ అయిపోవాలి. బరువూ తగ్గుతుంది, కిరాయీ తగ్గుతుంది.

ఆ తర్వాతి డిసెంబరులో సెలవు పెట్టి ఇంటికెళ్లాను. చిన్నప్పుడు పళ్లు కోశాను తప్ప కోశాక ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఈసారి వదిన వెనకే తిరిగి నేర్చుకున్నాను. కోసిన పళ్లని ముందు నీళ్ల తొట్టిలో పోస్తారు. పుచ్చువీ తాలువీ పైకి తేలతాయి, వాటిని తీసి పక్కన పెట్టేస్తారు. మిగిలినవి ఆ రోజు సాయంత్రమే పల్పర్‌లో వెయ్యాలి, మర్నాటికి ఆగితే పళ్లు పులిసి వాసన పట్టేస్తాయి. తొక్క ఒకవైపు, జిగురు పట్టిన గింజలు ఒకవైపు పడతాయి. ఆ తొక్కని వాగులో పారబోస్తే నీళ్లు పాడవుతాయని కాఫీ బోర్డు వాళ్లు చెప్పినప్పటి నుంచి పెంటలో వేసి ఎరువు చేస్తున్నారు.

జిగురు గింజల్ని తొట్టిలో ఒక రాత్రి ఊరనివ్వాలి. చలి ఎక్కువుంటే మర్నాడు మధ్యాహ్నం దాకా. ఎప్పుడు కడగాలన్నది గడియారం చూసి చెప్పేది కాదు. వదిన గుప్పెడు గింజలు తీసి రెండు అరచేతుల మధ్య గట్టిగా రుద్దుతుంది. జారిపోతూ ఉంటే ఇంకా కాలేదు. గరగరలాడితే అయినట్టు. ఆ శబ్దం నాకు వినిపించడానికి ముందే ఆవిడకి వేళ్లలో తెలిసిపోయేది. "ఇంకో గంట ఆగాల వదినా" అనేది, సరిగ్గా గంటకి అయ్యేది.

అసలు కష్టం ఎండబెట్టడం. పక్క మండలంలోని లంబసింగి చలి గురించి అందరూ వినే ఉంటారు. మాదీ అదే చలి, అదే మంచు. పొద్దున్న తొమ్మిది, పది దాకా ఎండ రాదు. సాయంత్రం నాలుగింటికల్లా మళ్లీ తేమ దిగిపోతుంది. ఆ కాసేపు ఎండలోనే గింజల్ని పల్చగా పరిచి, గంట గంటకీ కలియబెట్టి, మంచు పడకముందే కుప్ప చేసి పట్టా కప్పాలి. ఇలా పది రోజులో, మబ్బు పడితే ఇంకా ఎక్కువో. ఒక్క రాత్రి కప్పడం మరిచిపోతే గింజకి బూజు వాసన వస్తుంది, ఆ వాసన వేయించినా పోదు. తేమ పదకొండు శాతం దగ్గరికి రావాలి. మీటరు ఉన్న చోట మీటరుతో చూస్తారు, మా ఇంట్లో అమ్మ పంటితో కొరికి చూస్తుంది. పన్ను దిగితే పచ్చి, టక్కుమంటే ఎండినట్టు. నేను మీటరు కొని పంపాక రెండూ పోల్చి చూశాం. అమ్మ పన్ను దాదాపు ఎప్పుడూ తప్పలేదు.

ఈ పదిరోజుల కాపలా మొత్తం ఆడవాళ్లదే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

సరుకు ఇక్కడికి రావడం గురించి ఒక మాట. ఊరి నుంచి నర్సీపట్నం దాకా జీపులో, అక్కడి నుంచి హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండుకి ఆర్టీసీ కార్గోలో వేస్తారు. పచ్చి కాఫీ గింజ పక్కన ఏది ఉంటే దాని వాసన పీల్చుకుంటుంది. ఒకసారి మా గోనె బస్తా ఎండుచేపల పార్సిల్ పక్కన ప్రయాణం చేసి వచ్చింది. ఆ కాఫీని ఎవరికీ అమ్మలేకపోయాం. అప్పటి నుంచి లోపల మందపాటి ప్లాస్టిక్ సంచీలో పోసి మూతి గట్టిగా కట్టి, పైన గోనె వేసి పంపిస్తున్నారు. సంచీ ఖర్చు తక్కువే, బస్తా పోతే మాత్రం ఒక నెల సంపాదన పోయినట్టే.

ఇక వేయించడం. మొదట ఒకచోట ఇరవై కిలోల పచ్చగింజ ఇచ్చి వచ్చాను. సాయంత్రం వెళ్తే పద్దెనిమిదిన్నర కిలోలు ఇచ్చారు. వేయిస్తే కాఫీ బరువు నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా తగ్గాలి, అంటే పదిహేడుకి మించి రాకూడదు. లెక్కలు చూసే ఉద్యోగం నాది, అంకె చూడగానే అనుమానం వచ్చింది. ఇంటికొచ్చి పళ్లెంలో పోసి ఒక్కొక్కటే తిప్పి చూశాను. అరబికా గింజ కోలగా ఉంటుంది, మధ్య గీత వంకరగా పోతుంది. రోబస్టా అనే ఇంకో రకం గుండ్రంగా ఉంటుంది, గీత తిన్నగా ఉంటుంది. మా తోటలో రోబస్టా ఒక్క చెట్టు లేదు. పళ్లెంలో గుండ్రటివి బోలెడు కనిపించాయి. మా అమ్మ పంటితో కొరికి చూసి పంపిన గింజ ఎవరి ప్యాకెట్‌లోకి పోయిందో! వాళ్లని అడిగితే మిషన్‌లో పాతవి ఉండిపోయి ఉంటాయన్నారు. గొడవ పెట్టుకోలేదు, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

ఇప్పుడు చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న మిషన్ ఉన్న ఒకాయన దగ్గర వేయిస్తున్నాను. ఆయన దగ్గర నాకు నచ్చింది ఒక్కటే, పక్కన నిలబడి చూడనిస్తారు. డ్రమ్ము వేడెక్కాక గింజ పడగానే ముందు పచ్చిగడ్డి వాసన వస్తుంది. రంగు పసుపుకి తిరిగాక రొట్టె కాల్చిన వాసన. ఆ తర్వాత మొక్కజొన్న పేలాల్లా టపటపమని పేలడం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి అరనిమిషం లెక్కే. మా గింజని ఆ పేలుడు ఆగిన కాసేపటికే దించేస్తే పులుపూ తీపీ నిలబడతాయి. నల్లగా మాడిస్తే ఏ కొండ కాఫీ అయినా ఒకటే రుచి. వేయించిన వెంటనే పొడి చెయ్యరు. గింజలో గ్యాసు పోవడానికి ఒకటి రెండు రోజులు ఆగాలి, అందుకే వాల్వ్ ఉన్న ప్యాకెట్లు వాడతాం.

కాగితాల పని అందరూ భయపెట్టినంత లేదు. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే అయిపోయింది. నేను తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకం ఉన్నవాళ్లకి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. ఫోటో, గుర్తింపు కార్డు, అడ్రస్ రుజువు పెడితే పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది. దాన్ని ప్యాకెట్ మీద వెయ్యాలి. దానితోపాటు బరువు, ఎమ్మార్పీ, ప్యాక్ చేసిన తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, పచ్చచుక్క గుర్తు, అడ్రస్, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఉండాలి. ఏజెంటు అవసరం లేదు, నేను ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట కూర్చుని చేసుకున్నాను.

పేరు దగ్గర మాత్రం బాగా ఆలోచించాల్సి వచ్చింది. అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది, మా కొండలూ ఆ కిందికే వస్తాయి. కానీ ఆ జీఐ గుర్తు ప్యాకెట్ మీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. కొండ మొహం చూడని సరుకు మీద కూడా అరకు అని రాసి అమ్ముతున్నవాళ్లు ఈ ఊళ్లో కనిపిస్తూనే ఉన్నారు. మేము నమోదు అయ్యేదాకా ఆ పేరు జోలికి పోవద్దనుకున్నాం. మా మండలం పేరు, కోసిన సీజన్, వేయించిన తేదీ రాశాం. అడిగినవాళ్లకి అదెక్కడో నేనే చెబుతాను.

కొనేవాళ్లని పట్టుకోవడమే అన్నిటికంటే కష్టం. ఇది చాయ్ ఊరు. మా ఆఫీసులో అందరూ ఇరానీ చాయ్ మనుషులే. కాఫీ తాగే ఇళ్లు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోతే పద్మారావు నగర్, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్ వైపు దొరికాయి. ఒక కిరాణా షాపులో పెడితే మూడు నెలలు అప్పు పెట్టి, చివరికి సగం ప్యాకెట్లు తేదీ దాటాయని వెనక్కిచ్చారు. దాంతో షాపులు మానేశాను. ఇళ్లకే ఇస్తున్నాను.

ఇళ్లకి ఇచ్చినా మొదట్లో వచ్చిన మాట ఒక్కటే: "డికాషన్ పల్చగా ఉందమ్మా, నీ పొడిలో దమ్ము లేదు." పద్మారావు నగర్‌లో రైల్వేలో రిటైరైన అంకుల్ ఒకాయన ప్యాకెట్ తిరిగి చేతిలో పెట్టేశారు. ఆయన నలభై ఏళ్లుగా తాగుతున్నది చికోరీ కలిపిన పొడి. చికోరీ ఒక వేరు, దాన్ని వేయించి పొడి చేసి కలిపితే డికాషన్ నల్లగా చిక్కగా దిగుతుంది. అది తప్పేమీ కాదు. కాఫీ 51 శాతానికి తగ్గకుండా, చికోరీ ఎంతో ప్యాకెట్ మీద రాసి అమ్మొచ్చని నిబంధనే ఉంది. కానీ ఆ అలవాటులో ఒట్టి కాఫీని అదే కొలతతో వేస్తే నీళ్లలాగే దిగుతుంది. ఆయన వంటింట్లోనే వాళ్ల ఇత్తడి ఫిల్టర్ తీసుకుని, పొడి ఇంకో రెండు చెంచాలు ఎక్కువ వేసి, గట్టిగా అదిమి, మరిగి కాస్త తగ్గిన నీళ్లు పోసి, అరగంట కదపకుండా ఉంచాం. మొదటి గుక్క ఆయన పాలు లేకుండా తాగారు. ఏమీ అనలేదు. రెండో గ్లాసు అడిగారు. ఆ తర్వాత "మీ కొండల్లోకి కాఫీ ఎలా వచ్చిందమ్మా?" అని అడిగారు.

చెప్పాను. 1898లో తూర్పుగోదావరి ఏజెన్సీ పాములేరు లోయలో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి మొదట నాటించాడు. 1920ల్లో పుల్లంగికీ గూడేనికీ పాకింది. జీకే వీధి అంటే గూడెం కొత్త వీధి, అంటే మా వైపే. 1960ల్లో అటవీ శాఖ రిజర్వు అడవుల్లో వేసింది. ఆ తోటల్లో కూలికి వెళ్లినవాళ్ల పిల్లలే తర్వాత సొంతంగా నాటుకున్నారు, మా తాత కూడా అలా కూలికి వెళ్లినవాడే. ఆ అంకుల్ వల్ల ఆ వీధిలోనే ఇప్పుడు చాలా ఇళ్లు మా వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. నెల మొదట్లో ఎవరికెంత కావాలో చెబుతారు, అంతే వేయిస్తాను, ఆదివారం స్కూటర్ మీద మా ఆయనా నేనూ ఇచ్చొస్తాం.

ఇప్పుడు లెక్క. వంద కిలోల పార్చ్‌మెంట్ ఆడిస్తే ఎనభై కిలోల పచ్చగింజ వస్తుంది. వేయిస్తే అరవై ఏడు. పావుకిలో 225 చొప్పున అమ్మితే అరవై వేల చిల్లర. హల్లింగ్, కిరాయి, వేయింపు, ప్యాకెట్లు, పెట్రోలు అన్నీ పోను నలభై అయిదు వేలు మిగులుతుంది. అదే వంద కిలోలు 2024-25లో జీసీసీకి పోస్తే నలభై వేలు, ఏ తలనొప్పీ లేకుండా. అంటే అయిదు వేల తేడాకి నా ఆదివారాలన్నీ పోతున్నాయి. బ్రెజిల్‌లో వానలు లేక ప్రపంచమంతా కాఫీ ధర ఎగబాకిన సంవత్సరం అది. అన్న అప్పుడు "ఇంకెందుకే ఈ బాధ, మొత్తం అక్కడే పోసేద్దాం" అన్నాడు. నేనూ ఆ మాట కాదనలేకపోయాను. కాదన్నది నాన్న.

"ఏటమ్మా, నువ్వు పంపే డబ్బు భాద్రపదంలో వస్తాది. వాళ్ల డబ్బు భాద్రపదంలో రాదు కదా."

నిజం అదే. నేను పంటలో నాలుగో వంతే తెచ్చుకుంటాను. దాన్ని ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా వేయించి అమ్మి, ప్రతి నెలా అయిదో తారీఖున డబ్బు పంపుతాను. చిన్న మొత్తమే, ఒక్కో నెల మూడు వేలు, ఒక్కో నెల నాలుగు. కానీ అది జూన్‌లో వస్తుంది, ఆగస్టులో వస్తుంది, అక్టోబరులో వస్తుంది. రెండో ఏడు నుంచి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకోలేదు. అడ్వాన్సు లేదు కాబట్టి నవంబరులో అతని జీపు వచ్చి ఇంటిముందు నిలబడదు. జీపు లేదు కాబట్టి పండు పండేదాకా ఆగగలుగుతున్నారు. ఒకే చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు వెళ్లి ఎర్రబడ్డవే కోస్తున్నారు. పంటలో మిగిలిన ముప్పాతిక కూడా చెర్రీగా కాకుండా పార్చ్‌మెంట్‌గా జీసీసీకి వెళ్తోంది. అంటే మా ఇంటికి అసలు లాభం నేను అమ్మే కాఫీ మీద కన్నా, నేను అమ్మని కాఫీ మీద ఎక్కువ వచ్చింది. అకౌంట్స్ చదువుకున్న నాకు ఇది కాగితం మీద ముందే కనబడి ఉండాల్సింది అంటారు మా ఆయన. కాగితం మీద భాద్రపదం కనబడదు.

వదిన సంగతి చెబుతానన్నాను. డబ్బు మొదట నాన్న అకౌంటుకే పంపేదాన్ని, పట్టా ఆయన పేరునే ఉంది కాబట్టి. ఒక సంక్రాంతికి వెళ్లినప్పుడు వంటింట్లో నేనూ తనే ఉండగా వదిన అడిగింది: "వదినా, మంచులో గింజ కప్పేది నేను, రుద్ది చూసేది నేను. బాగున్నాదని నీకు చెప్పేది ఎవరి పనిని?" కోపంగా అనలేదు. ఉన్నమాట అడిగింది. అప్పటి నుంచి ప్యాకెట్‌కి ఇంతని వేరుగా తీసి వదిన అకౌంటుకే వేస్తున్నాను, అమ్మ వాటా అమ్మకి. అన్నకి నెలరోజులు మొహం ముడుచుకుపోయింది. తర్వాత సర్దుకున్నాడు. వదిన ఆ డబ్బుతో మేకలు కొంది, వైరు వలతో ఎత్తు మంచెలు చేయించి గింజల్ని నేలకి తగలకుండా ఎండబెడుతోంది. ఇప్పుడు ఎవరైనా పచ్చికాయలు కలిపిన బుట్ట తెస్తే అక్కడే కింద పోయించి ఏరిస్తుంది, అన్న తెచ్చినదైనా సరే. మా కాఫీ రుచి పెరిగిందని కొనేవాళ్లు అన్నది ఆ ఏడాది నుంచే.

2025 ఆగస్టులో అరకు వైపు కాయతొలిచే పురుగు కనబడిందన్న కబురు వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. చిన్న నల్లటి పురుగు, కాయ బొడ్డు దగ్గర రంధ్రం చేసుకుని లోపలికి పోయి గింజనే తినేస్తుంది. మన దేశంలో 1990లో నీలగిరుల వైపు మొదట కనిపించిన పురుగు ఇది. 2025 దాకా మా కొండలకి రాలేదని అందరూ ధైర్యంగా ఉన్నారు. పురుగు పట్టిన తోటల్లో కాయలన్నీ దూసి, మరిగే నీళ్లలో ముంచి, పాతిపెట్టించారు. ప్రభుత్వం కిలోకి 50 రూపాయలు పరిహారం ప్రకటించింది. పచ్చికాయతో ఉన్న చెట్టుని చేతులారా దూసి పాతిపెట్టడం ఎలా ఉంటుందో తోట ఉన్నవాళ్లకే తెలుస్తుంది. మా తోటలోకి రాలేదు. అయినా అన్న చెట్టు చెట్టుకీ తిరిగి, కోత అయ్యాక కొమ్మన మిగిలినదీ కింద రాలినదీ ఒక్క కాయ లేకుండా ఏరించాడు. ఆ పురుగు బతికేది అలా వదిలేసిన కాయల్లోనే. బయటి బస్తాలు తోటలోకి తేవద్దన్నారు కాబట్టి ఇక్కడి నుంచి ఖాళీ గోనెలు తిరిగి పంపడం కూడా మానేశాను.

ఆ నెల గ్రూపులో అందరికీ ఉన్న సంగతి రాసి పెట్టాను, వచ్చే ఏడాది కాఫీ తక్కువ రావచ్చు, రాకపోనూ వచ్చు అని. సైనిక్‌పురి ఆంటీ ఒకావిడ మూడు నెలల డబ్బు ముందే వేసేశారు. అడ్వాన్సు అనే మాట మా ఇంట్లో అంతకుముందు షావుకారు నోటే విన్నాం. ఆ డబ్బు తీసుకోవాలా వద్దా అని నాన్నతో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాను. తీసుకోమన్నాడు, కానీ ఆవిడ ప్యాకెట్లు అయ్యేదాకా ముట్టుకోవద్దన్నాడు. వేరే అకౌంటులో పెట్టి నెలనెలా తీశాను.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న వాదన ఒకటే. నాలుగో వంతు కాదు, సగం పంట హైదరాబాద్ పంపిద్దామని అన్న. సగం అమ్మాలంటే నేను ఉద్యోగం మానాలి, లేదా ఒక మనిషిని పెట్టుకోవాలి. మనిషిని పెడితే ఆ జీతం ప్యాకెట్ ధర మీద పడుతుంది, పావుకిలో 300 అంటే పద్మారావు నగర్ ఇళ్లలో సగం మంది మానేస్తారు. జీసీసీ ధర మళ్లీ పడిపోతే అప్పుడు ఏం చేస్తామని అన్న ప్రశ్న. ధర పెరిగితే వేరేవాళ్ల జీతం మనం ఎలా కడతామని నా ప్రశ్న. వదిన మాత్రం ముందు ఇంకో రెండు మంచెలు వెయ్యకుండా సగం పంట ఎక్కడ ఎండబెడతారని అడుగుతోంది. ఈ నెల డబ్బుతో ముందు ఆ మంచెలకి వైరు వల కొంటున్నాం.